పాక్ చోయ్ వేస్తే పూలే వస్తున్నాయా?

"పెరట్లో పాక్ చోయ్, మిజునా అనే చైనా, జపాన్ ఆకుకూరలు వేశాం. నాలుగాకులు వేయగానే పూతకొచ్చేస్తున్నాయి. ఎరువు చాలట్లేదా?" అని అడిగారు. ఏప్రిల్‌లో చల్లి ఉంటారు, అవునా?

నేనూ ఈ చలి దేశానికి వచ్చిన కొత్తలో రెండేళ్లు అదే పని చేశాను. మంచు కరగ్గానే చేతులు ఊరుకోవు కదా. ఈ ఆకులు చాలావరకు ఆవాల కుటుంబానివి. మొలక దశలో చలి తగిలి, ఆ తర్వాత పగళ్లు పొడుగవుతుంటే ఆకు మానేసి గింజ కట్టే తొందరలో పడతాయి. ఎరువెంత వేసినా ఆ తొందర ఆగదు. జులై చివరి నుంచి సెప్టెంబరు మొదటి వారం లోపు చల్లి చూడండి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వైపు ఉంటే ఫిబ్రవరి, మార్చి. ఇప్పుడు పూసినవి పీకి పారేయకండి, ఆ మొగ్గలూ పూలూ కూడా సలాడ్‌లోకి బాగుంటాయి.

విత్తనం సెంటీమీటరు లోతు చాలు. తడి ఆరకపోతే వారంలోపే మొలుస్తుంది. లేత ఆకు కావాలంటే ఒత్తుగా చల్లి, మూడు నాలుగు వారాలకు నేలకు రెండు మూడు సెంటీమీటర్లు పైన కత్తెరతో కోయండి. మిజునా మళ్లీ మళ్లీ చిగురిస్తుంది. మొదటి ఏడు అదొక్కటే వేసుకున్నా నష్టం లేదు. బాల్కనీ అయితే 15 సెంటీమీటర్ల లోతు తొట్టి సరిపోతుంది.

అసలు టెన్షన్ పెట్టేది గెంతే చిన్న నల్ల పురుగులు. ఆకునిండా సూదితో పొడిచినట్టు చిల్లులు. అలాంటి ఆకు కడుక్కుని నిక్షేపంగా తినొచ్చు గానీ, లేత మొలకలైతే చచ్చిపోతాయి. చల్లిన రోజే దోమతెర కంటే సన్నటి వల కప్పి, అంచులు మట్టిలో పూడ్చండి. నేను వల కప్పినా ఒకసారి లోపలే పురుగు తయారైంది! ముందు ఏడాది అదే మడిలో ముల్లంగి వేశాను. అదీ ఈ కుటుంబానిదే, పురుగు ఆ మట్టిలోనే చలికాలం గడిపేసింది. అందుకే మడి మారుస్తూ ఉండాలి. షుంగికు అనే జపాన్ ఆకుకూర మాత్రం చామంతి జాతి, దాని జోలికి ఈ పురుగులు రావు. ముదిరితే చేదు, లేతగానే కోసేయండి.

చలి ముదిరాక కూడా పాక్ చోయ్ లాంటిదే మరో ఆకుకూర, టాట్‌సోయ్, నేలకు అంటుకుని బతికేస్తుంది. ఆకు గడ్డకట్టి ఉన్నప్పుడు మాత్రం కోయకండి, వంటింట్లోకి తెచ్చేసరికి వాడిపోతుంది. ఎండ తగిలి మంచు విడిచాక, మధ్యాహ్నం కోసుకోండి.