లోవాస్ గ్రామస్థులు మందుపాతరల మీద పొరపాటున అడుగేసి చనిపోయారా?

కాదు, వాళ్లను కావాలనే మందుపాతరల్లోకి నడిపించారు. లోవాస్ తూర్పు క్రొయేషియాలో, వుకోవర్ దగ్గరి పల్లె. క్రొయేషియా యుగోస్లావియా నుంచి విడిపోతున్నప్పుడు జరిగిన యుద్ధంలో, 1991 అక్టోబరు 10న యుగోస్లావ్ సైన్యం, ‘దుషాన్ సిల్ని’ అనే సెర్బు సాయుధ ముఠా, స్థానిక సెర్బు దళాలు ఊరిని పట్టుకున్నాయి. అక్కడి క్రొయేట్లను భయపెట్టి వెళ్లగొట్టడమే ఉద్దేశం. అందుకే చేతికి తెల్లగుడ్డ కట్టుకోవాలన్నారు, ఇళ్లకు తెల్లదుప్పట్లు వేలాడదీయమన్నారు. ఎవరిని ఏరాలో దాంతో ఇట్టే తెలిసిపోతుంది.

అక్టోబరు 18న ద్రాక్షపళ్లు కోయాలంటూ సుమారు 50 మంది మగవాళ్లను తీసుకెళ్లారు. దారిలో నడవలేకపోయిన ఒకరిని తుపాకీతో కాల్చి చంపేశారు. పశుగ్రాసం వేసిన పొలంలోకి దించి, కాళ్లతో గడ్డిని పక్కకు నెడుతూ ముందుకు నడవమన్నారు. పాతరలు ఏరడానికి మనుషులే పనిముట్లన్నమాట! ఒకటి పేలగానే వెనక నుంచి కాల్పులు. మొత్తం 21 మంది చనిపోయారు.

చాలామంది దీన్ని రెండు సైన్యాల మధ్య చిక్కుకున్నవారి మరణాలుగా అనుకుంటారు. నిజానికి అప్పటికి ఊళ్లో పోరాటమే లేదు. ఊరు వారం రోజులుగా యుగోస్లావ్ సైన్యం, సెర్బు దళాల గుప్పిట్లోనే ఉంది. ఈ కేసులో సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్‌లోని కోర్టే కొందరికి శిక్ష వేసింది.