పర్యావరణ మార్పులకు ఉద్యోగులు సహకరించడం లేదు, ఎలా ఒప్పించాలి?

ఒప్పించే పని పక్కన పెట్టండి. పోస్టర్లకీ ప్రతిజ్ఞలకీ ఆకుపచ్చ టీషర్టులకీ మారిన ఫ్యాక్టరీ ఏదీ లేదు. సూపర్‌వైజర్‌ని ఉత్పత్తి లెక్క ఒక్కటే అడుగుతూ, కరెంటు బిల్లు అకౌంట్స్ బీరువాలో పెడితే ఆయనకి కరెంటుతో పనేముంది?

కంప్రెస్డ్ ఎయిర్‌తో, అంటే మెషీన్లు నడపడానికి కంప్రెసర్ ఒత్తిడి పెంచి పంపే గాలితో మొదలుపెట్టండి. లీకు చెవికి వినిపిస్తుంది కాబట్టి వాదనలుండవు. 7 బార్ ఒత్తిడి దగ్గర 3 మిల్లీమీటర్ల రంధ్రం సుమారు 3-4 కిలోవాట్లు తినేస్తుంది. సెలవు రోజున మెషీన్లన్నీ ఆపి కంప్రెసర్ ఒక్కటే నడపండి. లోడ్‌లో (గాలి నింపుతూ) ఎంతసేపు, అన్‌లోడ్‌లో (గాలి ఇవ్వకుండా ఊరికే తిరుగుతూ) ఎంతసేపు ఉందో ఐదారు సైకిళ్లు రాసుకోండి. 2 నిమిషాలు లోడు, 6 నిమిషాలు అన్‌లోడు అయితే కంప్రెసర్ ఇచ్చే గాలిలో 25 శాతం లీకులకే పోతున్నట్టు. (మోటారు వేగం తనే మార్చుకునే వీఎఫ్‌డీ కంప్రెసర్‌కి ఇది పనికిరాదు, గాలి ప్రవాహం కొలిచే ఫ్లో మీటర్ కావాలి.) లెక్క ఆపరేటర్ల చేతే తీయించండి. కన్సల్టెంట్ తీస్తే దాన్ని ఎవరూ తమదనుకోరు.

తర్వాత లీకులకి ట్యాగులు (గుర్తు చీటీలు) కడతారు. వ్యవహారం చెడేది ఇక్కడే. ట్యాగులు వేలాడుతుంటాయి, మెయింటెనెన్స్‌కి టైమూ ఉండదు, స్టోర్స్‌లో సామానూ ఉండదు. కట్టినవాడు రెండోసారి కట్టడు. అందుకే ముందు క్విక్ కప్లింగులు, హోస్ క్లాంపులు, టెఫ్లాన్ టేపు తెప్పించి, వారానికి 2 గంటల షట్‌డౌన్ ప్రొడక్షన్ మేనేజర్ చేత రాతపూర్వకంగా ఇప్పించండి.

లీకులు మూసినా బిల్లు తగ్గకపోవచ్చు. అన్‌లోడ్‌లో తిరిగే స్క్రూ కంప్రెసర్ కూడా పూర్తి లోడు కరెంటులో నాలుగో వంతుకి పైనే లాగుతుంది. రెండు నడుస్తుంటే ఒకటి ఆపేయాలి. బిల్లు మొత్తం కాకుండా, టన్ను ఉత్పత్తికి ఎన్ని యూనిట్లో చూడండి. లేకపోతే ఆర్డర్లు పెరిగిన నెలలో మీ శ్రమంతా దండగలా కనిపిస్తుంది.

ఇదంతా ఒక్క ఈహెచ్‌ఎస్ (పర్యావరణం, ఆరోగ్యం, భద్రత చూసే) ఆఫీసర్ నెత్తిన రుద్దడం ఇంకో జబ్బు. ఎనర్జీ మేనేజ్‌మెంట్ ప్రమాణం ఐఎస్‌ఓ 50001 కూడా 2018 ఎడిషన్‌లో మేనేజ్‌మెంట్ ప్రతినిధిని తీసేసి ఎనర్జీ టీమ్ కావాలంది.

చివరికి గాలి ప్రెషర్. 1 బార్ దించితే కంప్రెసర్ కరెంటు 6-7 శాతం తగ్గుతుంది. కానీ ఒక్కసారే దించకండి. 0.2 బార్ చొప్పున దించుతూ, ప్రతిసారీ రెండు మూడు షిఫ్టులు చూడండి. మెషీన్‌లో గాలితో కదిలే సిలిండర్ నెమ్మదిస్తే ఆపమనే అధికారం ఆపరేటర్‌కి ఉండాలి. లేదంటే రాత్రి షిఫ్టులో ఎవరో చెప్పకుండా మళ్లీ పెంచేస్తారు. సాధారణంగా ఎక్కువ ప్రెషర్ అడిగేది ఒకటో రెండో మెషీన్లే. వాటికి లావు హోస్ వేయండి, లేదా పక్కనే గాలి నిల్వ ఉంచే చిన్న రిసీవర్ ట్యాంకు పెట్టండి.