వేపచెట్టు తల నరికించకు

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

తుఫాను కాలం వచ్చేలోగా మూడు పనులు పూర్తి చేస్తానని రాశావు. ఇంటి ముందు వేపచెట్టు తల నరికించడం, దాని మొదలు చుట్టూ సిమెంటు గచ్చు వేయించడం, తోటకు తూర్పున ఉన్న ముసలి సరుగుడు వరుస అమ్మేయడం. నీ భయం నాకు అర్థమైంది. అయితే ఈ మూడింటిలో ఏది చేసినా గాలి పని నువ్వు సగం చేసిపెట్టినట్టే.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు నువ్వు హైదరాబాదులో ఉన్నావు. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. తెల్లవారాక చూస్తే ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగి ఉన్నాయి. ఆ తరువాత వారం రోజులు నేను పడిన చెట్ల మొదళ్ళ దగ్గర గొంతుక్కూర్చుని వేర్లు చూస్తూ తిరిగాను. నాకు మతి చలించిందనుకుంది మీ పెద్దమ్మ.

ముందు గాలి లెక్క విను, ఇంజనీరువు కాబట్టి నీకు తేలిక. వేగం రెట్టింపైతే తోపుడు నాలుగు రెట్లవుతుంది. గంటకు 50 కిలోమీటర్ల గాలి ఎదురుగా నిలిచిన పలక మీద చదరపు మీటరుకు సుమారు 12 కిలోల బరువుతో నెడుతుంది. 100 కిలోమీటర్లయితే 47 కిలోలు, 150 అయితే నూరు దాటుతుంది. చెట్టు పలక కాదు. ఆకులు ముడుచుకుంటాయి, కొమ్మలు వెనక్కు వాలతాయి, కాబట్టి అంత దెబ్బ పడదు. కొబ్బరి మట్ట గాలివాటుకు ఎలా ఒదిగిపోతుందో చూసే ఉంటావు. కానీ ఆ నెట్టేది పైన, కొమ్మల గుబురు దగ్గర. పట్టు ఉండేది కింద. పొడవాటి గునపం కొసను పట్టుకుని బండను పెకలిస్తాం చూడు, చెట్టు కాండమే గాలి చేతిలో అలాంటి గునపం. పైగా గాలి ఒకే తీరున నెట్టదు. విసిరి, వదిలి, మళ్ళీ విసురుతుంది. ఊగి వెనక్కు వస్తున్న చెట్టును ఇంకో విసురు అందుకుంటే వేర్లు ఒక్కొక్కటిగా తెగుతాయి. అప్పటికే వానకు నేల నానితే, అందులోనూ మన ఇసుక నేలల్లో, వేరుకు పట్టు దొరకదు.

గాలి వచ్చే వైపు వేర్లు గుడారం తాళ్ళలా బిగుసుకుని చెట్టును లాగి పట్టుకుంటాయి. అవతలి వైపువి ఊతకర్రల్లా మోస్తాయి. ఆ లాగే తాళ్ళు తెగాయా, ఇక చెట్టు నిలవదు. ఈ మాట నాకు ఎలా తెలిసిందో చెప్పడానికి సిగ్గుగానే ఉంది. పాత ఇంటి పెరటి పనసచెట్టు గుర్తుందా? తిత్లీకి రెండేళ్ళ ముందు గొట్టం వేయడానికి దాని పక్కనే కాలువ తవ్వించాను. అడ్డొచ్చిన మూడు లావుపాటి వేర్లను గొడ్డలితో నేనే నరికాను. ఆ రాత్రి గాలి ఆ వైపు నుంచే వచ్చింది. చెట్టు పశువుల పాక మీద పడింది. పక్క పెరట్లో అంతే వయసున్న పనస రెండు కొమ్మలు పోగొట్టుకుని నిలిచింది.

అందుకే గచ్చు వద్దంటున్నాను. గచ్చు కోసం తవ్వేటప్పుడు వేర్లు తెగుతాయి, వేసిన తరువాత గాలీ నీరూ అందక మిగిలినవి చస్తాయి. చెట్టు వేర్లలో ఎక్కువ భాగం పైపై మూడడుగుల లోపే ఉండి, కొమ్మల నీడను దాటి పోతాయి. ఆ నీడ ఉన్నంత మేర గునపం దింపనివ్వకు. ప్రహరీ పునాది కూడా ఆ నీడ అవతలికి జరుపుకో.

ఇక తల సంగతి. మొండెం చేస్తే ఒకటి రెండేళ్ళు ధైర్యంగానే ఉంటుంది. ఆ నరుకుడు చోట గుత్తులుగా పుట్టుకొచ్చే చివుళ్ళకు లోపలి చేవతో సంబంధం ఉండదు, బెరడు దగ్గరే అంటుకుని ఉంటాయి. నరికిన చోట కుళ్ళు దిగుతుంది. నాలుగేళ్ళకు ఆ కొమ్మలే బరువెక్కి మొదటి పెద్ద గాలికి చీలి పడతాయి. తల జోలికి పోకుండా లోపలి ఎండు కొమ్మలు, ఒకదాన్నొకటి రాసుకునేవి తీయించు. ఇంటి మీదికి చాచుకున్న దాన్ని పక్క కొమ్మ దాకా తగ్గించు. ఒక్కసారిగా పావు వంతుకు మించి తీయకు. కొమ్మ మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే మెడను వదిలి కోయమని మనిషికి చెప్పు, గాయం మూసుకునేది ఆ మెడే.

సరుగుడు అమ్మకం మీద నాకు కోపం వచ్చింది, దాచను. ఆ వరుస సందుల్లోంచి గాలి జల్లెడ పట్టినట్టు నెమ్మదించి, ఆ చెట్ల ఎత్తుకు పదింతల దూరం దాకా తోటకు బలం తగ్గి చేరుతుంది. ఇటుక గోడ ఆ పని చేయలేదు, గోడ దాటిన గాలి వెనక సుళ్ళు తిరుగుతుంది. పైగా ఇన్నాళ్ళూ ఆ చాటున పెరిగిన జీడిచెట్లకు గాలి అలవాటు లేదు. చాటు తీసేస్తే అవే ముందు పడతాయి. అమ్మక తప్పదంటే, దాని పక్కన కొత్త వరుస వేసి అది ఎదిగాక అమ్ము.

కొత్త మొక్కలు పెట్టేటప్పుడు సంచి విప్పి చూడు. వేరు సంచిలో గుండ్రంగా చుట్టుకుని ఉంటే ఆ చుట్టు కోసి విడదీయి, లేదంటే ఎన్నేళ్ళయినా ఆ చుట్టులోనే ఉంటుంది. ఊతకర్రకు బిగించి కట్టకు, కాస్త ఊగనివ్వు. ఊగిన మొక్కకే మొదలు లావెక్కుతుంది. ఏడాది తరువాత కర్ర తీసేయి. నీళ్ళు మొదలు దగ్గర చెంబుడు పోయడం కాదు, పాదు వెడల్పు చేసి దూరంగా తడుపు.

వేపచెట్టు నిజంగా ప్రమాదంలో ఉందా అంటే, వెళ్ళి ఇవి చూడు: ఈ మధ్య కొత్తగా ఒరిగిందా, ఒరిగిన వైపుకు ఎదురు వైపు నేల నెర్రె విచ్చిందా, మొదలు దగ్గర పుట్టగొడుగులు వచ్చాయా, జంట కాండాల మధ్య బెరడు లోపలికి మడిచి ఉందా. వీటిలో ఏదైనా ఉంటే ఫోటో తీసి పంపు, అప్పుడు నరికే మాట నేనే చెబుతాను. తొర్ర ఒక్కటే చూసి బెదిరిపోకు, చుట్టూ చేవ మందంగా ఉంటే గొట్టంలా నిలబడగలదు.

తుఫాను వస్తే మరొకటి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కన్ను, అంటే గాలి అణిగి ఉండే దాని నడిమి భాగం, విశాఖ మీదుగా పోయింది. గాలి హఠాత్తుగా ఆగినప్పుడు అయిపోయిందని బయటకు రాకూడదు. కన్ను దాటాక ఎదురు దిక్కు నుంచి కొడుతుంది, సగం వదులైన చెట్లు అప్పుడే పడతాయి. తరువాత ఒరిగిన చిన్న చెట్లను రెండు మూడు రోజుల్లో లేపి, మట్టి ఎగదోసి, కొమ్మలు తగ్గించి నిలబెట్టవచ్చు. అంతవరకు వేర్ల మీద తడి గోనె కప్పు. కొబ్బరికి మొవ్వు విరిగితే ఆశ వదులుకో. మొవ్వు బాగుంటే, కుళ్ళు రాకుండా బోర్డో మిశ్రమం (మైలుతుత్తం, సున్నం కలిపిన మందు) పోయించు.

సరుగుడు బేరగాడికి ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడానికి మొహమాటంగా ఉంటే నా పేరు చెప్పు. పెదనాన్న ఒప్పుకోలేదని అంటే అతను నిన్నేమీ అనడు, నన్నే అంటాడు.

నీ పెదనాన్న