ముందు కాగితాలు, తర్వాత ఇంటర్వ్యూలు

చిరంజీవికి ఆశీస్సులు.

ఉద్యోగం పోయిందన్న కబురు తెలిసి మనసు కలుక్కుమంది. ఆఫీసు మెయిలు మూసేలోపు పే స్లిప్పులు, జీతంలో కోసిన పన్ను వివరాలుండే ఫారం 16, ఆఫర్ లెటరు సొంత మెయిలుకు తెచ్చుకో. కంపెనీ పని ఫైళ్లు మాత్రం ముట్టుకోకు, ఆ వంకతో రిలీవింగ్ లెటరు, అంటే పని నుంచి వదిలిపెట్టామన్న కాగితం, ఆపేస్తారు.

రాజీనామా రాసిమ్మని ఒత్తిడి చేస్తే అక్కడికక్కడే సంతకం పెట్టకు. నోటీసు జీతం, మిగిలిన సెలవుల డబ్బు, ఇన్నేళ్ల సర్వీసుకిచ్చే గ్రాట్యుటీ ఎంతెంతో మెయిల్లో అడుగు. ఐదేళ్లు దాటింది కదా, గ్రాట్యుటీ లెక్కకు నెల బేసిక్ జీతాన్ని 26తో భాగించి 15తో, సర్వీసు ఏళ్లతో గుణించు. 52,000 బేసిక్‌కి ఆరేళ్లయితే 1,80,000.

పీఎఫ్ దగ్గరే ఎక్కువమంది చిక్కుకుంటారు. నీ పీఎఫ్ ఖాతా నంబరు యూఏఎన్‌కి కంపెనీ ఇచ్చిన సిమ్ నంబరు ఉంటే, సిమ్ తిరిగిచ్చాక ఓటీపీ రాదు, ముందే మార్చుకో. మన ఇంటిపేర్లతో ఇంకో తంటా. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పీఎఫ్‌లో ఒక్క పొడి అక్షరం. క్లెయిము తిప్పి కొడతారు. పేరు సవరణకు పెట్టే జాయింట్ డిక్లరేషన్‌తో ఇప్పుడే సరిచేయించు. ఉద్యోగం మానిన ఎగ్జిట్ తేదీ కంపెనీ వేయకపోతే, చివరిసారి పీఎఫ్ జమైన రెండు నెలలకు పోర్టల్లో నువ్వే వేసుకోవచ్చు. అప్పటికీ తెగకపోతే బర్కత్‌పుర పీఎఫ్ ఆఫీసుకు వెళ్లు. డబ్బు మాత్రం గండం ముంచుకొస్తే తప్ప తీయొద్దు. కొత్త కంపెనీకి బదిలీ చేస్తే పాత సర్వీసు కలుస్తుంది.

ఆఫీసు ఆరోగ్య బీమా సాధారణంగా ఆఖరి పనిదినంతోనే ఆగిపోతుంది, అమ్మానాన్నలది కూడా. అదే బీమా కంపెనీలో సొంత పాలసీకి మారే వీలుందేమో వెళ్లేలోపే అడుగు. కొత్తది తీసుకుంటే మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప దేనికీ క్లెయిము రాదు. నాన్నగారి షుగరు లాంటివాటికి ఇంకా చాలాకాలం ఆగాలి.

ఇంటి లోను ఈఎంఐ బౌన్స్ కాకముందే బ్యాంకుకు వెళ్లు. బాకీ 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ, అవుతుంది, అప్పుడు మేనేజరు చేతిలో కూడా పెద్దగా ఏమీ ఉండదు. గడువు పెంచి వాయిదా తగ్గించమని రాతపూర్వకంగా అడుగు. క్రెడిట్ కార్డుకి మినిమం కట్టి ఊరుకోకు, మిగతాదానిమీద వడ్డీ పేరుకుపోతుంది.

ఈ లెక్కంతా ఇవాళే కోడలి ముందు పెట్టు. రోజూ బ్యాగు తగిలించుకుని దుర్గం చెరువు గట్టున కూర్చుని సాయంత్రం ఇంటికి రావడం వద్దు నాయనా, నీ పక్కన ఉండాల్సిన మనిషిని దూరం చేసుకోకు.

దొడ్డిదారిన ఇప్పించే బ్యాక్‌డోర్ ఉద్యోగమని ఎవరైనా డబ్బడిగితే నమ్మకు. ఆన్‌లైన్లో పంపాక మోసమని తెలిస్తే ఆ క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైను 1930కి ఫోన్ చెయ్యి.

ఆదివారం ఆధార్, పీఎఫ్ పాస్‌బుక్ ప్రింటు పట్టుకుని ఇంటికి రా. పేర్లు అక్షరం అక్షరం పోల్చి చూద్దాం.

నీ బాబాయి