కోడికి పొదుగేమిటి?

సందేహం: మాది దేవరకొండ దగ్గర పల్లె. మా ఊరి మహిళా సంఘం కోసం నాటుకోళ్ల మీద నాలుగు పేజీల కరపత్రం రాస్తున్నాను. అందులో ‘కోడి పొదుగుకు వచ్చినప్పుడు’ అని రాస్తే, ప్రూఫు చూసిన మాస్టారు నవ్వి, ‘పొదుగు ఉండేది ఆవుకూ బర్రెకూ, కోడికి పొదుగేమిటి?’ అని కొట్టేశారు. దాని బదులు ‘కోడి అండపోషణ దశకు చేరుకున్నప్పుడు’ అని పెట్టారు. ఇంకోచోట ‘21 రోజులకు గుడ్లు పొదుగుతాయి’ అని దిద్దారు. మా అమ్మ ఈ మాటలు వింటే ఒప్పుకోదు. పొదుగడమా, పొదగడమా అన్నది కూడా తేల్చండి. కరపత్రంలో ఒక పేజీ జత చేస్తున్నాను.

సమాధానం: మీ అమ్మగారి మాటే ఒప్పు. మాస్టారి అనుమానం కూడా తీసిపారేయదగింది కాదు. అది ఎక్కడినుంచి వచ్చిందో చూద్దాం.

తెలుగులో ‘పొదుగు’లు రెండున్నాయి. ఒకటి పాలుండే పొదుగు, అది నామవాచకం. ఇంకోటి కప్పుకొని కూర్చోవడం అనే క్రియ. పలకడానికీ రాయడానికీ రెండూ ఒకటే, అర్థాలు వేరు. మన దగ్గర ఇలాంటి జంటలు కొత్త కాదు. వానాకాలం చెరువు నిండితే ‘అలుగు దుంకుతున్నది’ అంటాం. దసరాకు పిలవకపోతే అల్లుడు అలుగుతాడు. చెరువు అలుగు విన్నప్పుడు అల్లుడి అలక ఎవరికీ గుర్తు రాదు. కోడి దగ్గర పొదుగు అంటే పాలు గుర్తు రావడం బడిలో చదువుకున్నవాళ్లకే తప్ప కోళ్లను సాదేవాళ్లకు జరగదు.

ఇక ‘పొదుగుకు వచ్చింది’ అనే నిర్మాణం. ఏదైనా ఒక పనికి సిద్ధమైతే, ఒక దశకు చేరితే మనం ‘కు వచ్చింది’ అనే అంటాం. వరి పొట్టకు వచ్చింది. మామిడి కాపుకు వచ్చింది. చేను కోతకు వచ్చింది. బర్రె ఎదకు వచ్చింది. అదే వరుసలో కోడి పొదుగుకు వచ్చింది. ‘తొడుగు’, ‘వణుకు’ లాంటి మాటలు క్రియగానూ నామంగానూ నడుస్తాయి కదా, ఇదీ అంతే. ‘దశకు చేరుకున్నప్పుడు’ అని మాస్టారు రెండు మాటల్లో చెప్పబోయింది ‘కు వచ్చింది’లోనే ఉంది. పైగా ‘అండపోషణ’ అనే మాటతో ఒక చిక్కుంది. గుడ్డులోని పిల్లకు కావలసిన పోషణంతా గుడ్డులోనే ఉంటుంది. కోడి ఇచ్చేది వేడి. ఆ మాట వినడానికి గొప్పగా ఉంది గానీ చెప్పే సంగతి తప్పు.

మా ఊరు కల్వకుర్తి దగ్గర. చిన్నప్పుడు సాయమాను మూలన గంపలో గుడ్డు తీయడానికి నన్నే పంపేవాళ్లు. రోజూ చెయ్యి పెట్టగానే లేచి పోయే నల్ల పెట్ట ఒకరోజు లేవలేదు. గంపకు అతుక్కుపోయి, మెడ దగ్గర ఈకలన్నీ నిక్కబొడుచుకొని, మామూలుకన్నా రెండింతలైంది. ‘కుర్‌ర్’ అంటూ సన్నగా గొణిగి, టక్కున నా మణికట్టు మీద పొడిచింది. ఏడుస్తూ పోతే అమ్మ నా చెయ్యి చూడనుకూడా లేదు. ‘పొదుగుకొచ్చింది. గుడ్లు అమ్మకుండ్రి’ అన్నది ఇంట్లో అందరికీ వినబడేలా. ఆ రోజు రాత్రి గూటిలో మిగతావాటితో ఎక్కకుండా ఖాళీ గంపలోనే కూర్చుంటే, మర్నాడు పొద్దుగూకాక అమ్మ దాని కింద గుడ్లు పెట్టింది.

ఆ పెట్టడానికి మన పల్లెల్లో ఉన్న మాట ‘పొదగేయడం’. మీ కరపత్రంలో ఇది ఎక్కడా లేదు, చేర్చండి. వడ్లు ఎండేసినం, బట్టలు ఆరేసినం, బియ్యం నానేసినం, కోడిని పొదగేసినం. ఎండవేయు, ఆరవేయు, నానవేయు, పొదగవేయు అన్నవాటి వాడుక రూపాలివి. వీటన్నింటిలోనూ మనిషి ఏర్పాటు చేసి తప్పుకుంటాడు, అసలు పని ఎండో గాలో నీళ్లో కోడో చేస్తుంది. తెలుగు క్రియల్లో నాకు బాగా ఇష్టమైన పద్ధతుల్లో ఇదొకటి. 

అంటే ఈ వ్యవహారంలో నాలుగు మాటలున్నాయి. కోడి పొదుగుకు వస్తుంది, మనం పొదగేస్తాం, కోడి పొదుగుతుంది, పిల్లలు లేస్తాయి. ‘21 రోజులకు గుడ్లు పొదుగుతాయి’ అన్న వాక్యం చెడింది ఇక్కడే. గుడ్లు పొదగవు, కోడే పొదుగుతుంది. అది కూడా ఇరవై ఒకటో రోజున కాదు, మొదటి రోజు నుంచీ. చివర జరిగేది పిల్లలు లేవడం. ఇంగ్లీషులో ‘హ్యాచ్’ అనే ఒకే మాట కోడి చేసే పనికీ, గుడ్డు పగిలి పిల్ల రావడానికీ సరిపోతుంది. దాన్ని చూసి రాస్తే తెలుగులో కర్త తారుమారవుతుంది. ఇది వ్యాకరణం చాదస్తం కాదు. ఆ వాక్యం చదివిన కొత్త కోడలు లెక్క ఎక్కడినుంచి మొదలుపెట్టాలి? గుడ్డు పెట్టిన రోజు నుంచా, పొదగేసిన రోజు నుంచా? ‘పొదగేసిన 21 రోజులకు పిల్లలు లేస్తాయి’ అని రాస్తే ఆ తికమక ఉండదు. బాతు గుడ్లయితే 28 రోజులు.

‘పొదిగించు’ అని కూడా మీరు ఒకచోట రాశారు. అది సరిగ్గా వాడారు. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలనాలయం పెరటి పెంపకం కోసం తయారుచేసిన వనరాజ, గ్రామప్రియ కోళ్లు మామూలుగా పొదుగుకు రావు. ఆ గుడ్లను నాటుకోడి కింద పెట్టి పొదిగిస్తారు. ఈ ప్రేరణార్థకాన్ని అందరికన్నా ముందు కనిపెట్టింది కోకిలేమో. కాకి పొదుగుతుంది, కోకిల పొదిగిస్తుంది. సంస్కృతంలో కోకిలకు ‘పరభృత’ అనే పేరుంది, ఇతరుల చేత పెంచబడినది అని.

పొదుగడమా, పొదగడమా అన్నదానికి జవాబు చిన్నది. అడుగు, కడుగు, తొడుగు ఎలా నడుస్తాయో ఇదీ అలాగే. అడుగుతుంది, అడిగింది, అడగడం. పొదుగుతుంది, పొదిగింది, పొదగడం. పక్కన ‘అ’ వస్తే నడిమి ‘ఉ’ కాస్తా ‘అ’ అవుతుంది, ‘ఇ’ వస్తే ‘ఇ’ అవుతుంది. మన వాడుకలో ‘అడుగుడు, కడుగుడు, పొదుగుడు’ అంటాం. అక్కడ ‘ఉ’ నిలబడుతుంది, అది కూడా నియమం ప్రకారమే. ‘పొదుగడం’ అన్నది ఈ రెండింటి మధ్య ఇరుక్కున్న రూపం.

ఈ క్రియ మూలార్థం కప్పడం, చుట్టూ అదిమి ఉంచడం. రవ్వలు పొదిగిన కమ్మలు అన్నప్పుడు రాయి చుట్టూ బంగారం అదిమి ఉంటుంది. బిడ్డను తల్లి ‘పొదివి పట్టుకుంది’ అంటాం. బాణాలు దాచేది అమ్ములపొది. నారాయణపేట, మక్తల్ వైపు కన్నడం వచ్చినవాళ్లనడిగితే కప్పుకొనే గుడ్డను ‘హొదికె’ అంటారు. మన ‘ప’ అక్కడ ‘హ’ అవుతుంది. పాలు హాలు, పులి హులి, అదే దారిలో పొది హొది. ఉర్దూవాళ్లు పొదుగుకొచ్చిన కోడిని ‘కుడక్ ముర్గీ’ అంటారు, మరాఠీలో ‘ఖుడుక్’. ఆ కోడి గొణుగుడు విన్నవాళ్లకు ఆ పేరెందుకు వచ్చిందో చెప్పనక్కర్లేదు. వాళ్లు కోడి గొంతును పట్టుకున్నారు, మనం రెక్కలను పట్టుకున్నాం.

మాస్టారికి నచ్చే సంగతి ఒకటి చెప్తాను. కోడి పొదుగుకు రావడానికి కారణం మెదడు కిందుండే పిట్యూటరీ గ్రంథి నుంచి వచ్చే ప్రొలాక్టిన్ అనే హార్మోన్. అది పెరిగితే గుడ్లు పెట్టడం ఆగుతుంది, కూర్చోవాలనే పట్టుదల మొదలవుతుంది, రొమ్ము కింది ఈకలు రాలి చర్మం నేరుగా గుడ్లకు తగులుతుంది. ఆవు పొదుగులో పాలు తయారవడంలోనూ పనిచేసేది ఇదే ప్రొలాక్టిన్. ఆ హార్మోన్ పేరులో ఉన్నది పాలే. రెండు పొదుగుల వెనకా ఒకే హార్మోన్ ఉంది! మాటల పుట్టుకకూ దీనికీ సంబంధం అంటగట్టకూడదు, ఇది వట్టి కాకతాళీయం. అయినా ‘కోడికి పొదుగేమిటి’ అని మళ్లీ ఎవరైనా నవ్వితే చెప్పడానికి పనికొస్తుంది.

మీరు జతచేసిన పేజీ గురించి రెండు మాటలు. ‘గుడ్లు చెడిపోవు’ అన్నచోట ‘మురగవు’ అని రాయండి. పొదిగినా పిల్ల కాని గుడ్డుకు మన దగ్గర మురిగిన గుడ్డు అనే పేరుంది. ఉరుములకు గుడ్లు మురుగుతాయని గంపలో ఇనుపముక్క, బొగ్గు, ఎండుమిరపకాయ పెట్టాలని రాశారు. మా అమ్మ కూడా పెట్టేది. ఆచారంగా రాసుకోండి, కాదనను. కానీ దాని కిందే అసలు కారణాలు కూడా రాయాలి. పుంజు కలవని గుడ్డు, వారం దాటి నిలవున్న గుడ్డు, కోడి మధ్యలో లేచిపోయి చల్లబడ్డ గుడ్డు మురుగుతాయి. ఒక్క పెట్ట కింద పది పన్నెండుకు మించి పెడితే అంచున ఉన్నవాటికి వేడి అందదు. వారం రోజులకు రాత్రిపూట గుడ్డును టార్చిలైటు ముందు పట్టి చూస్తే, పిల్ల కడుతున్న దాంట్లో ఎర్రటి నరాలు సాలెగూడులా కనబడతాయి. ఏమీ లేకుండా వెలుగు అటునుంచి ఇటు వస్తే ఆ గుడ్డు తీసేయవచ్చు. పొదుగుతున్న కోడి రోజుకు ఒకసారే లేస్తుంది కాబట్టి నూకలూ నీళ్లూ గంపకు దగ్గర్లో ఉండాలి.

చివరి పేరాకు మీరు పెట్టిన ‘బ్రూడీనెస్ నివారణ’ అనే శీర్షిక మార్చండి. నివారణ అంటే రోగానికి. ఇది రోగం కాదు. ‘పొదుగు మాన్పించడం’ అంటే సరిపోతుంది. గుడ్ల కోసమే సాదేవాళ్లకు ఇది అవసరమే. పొదుగులో ఉన్నన్నాళ్లూ ఆ పెట్ట గుడ్డు పెట్టదు, ఖాళీ గంపలో కూర్చొని చిక్కిపోతుంది. కింద గాలి ఆడే జాలీ గూట్లో, గంప, గడ్డి లేకుండా, మేతా నీళ్లూ పెట్టి నాలుగు రోజులుంచితే పొట్ట చల్లబడి మామూలు దారికొస్తుంది. మీరు రాసినట్టు నీళ్లలో ముంచడం, ముక్కులో ఈక గుచ్చడం మా ఊళ్లోనూ చేసేవాళ్లు. ‘ఈక గుచ్చవలెను’ అన్న మీ వాక్యంలో భాషాదోషం ఏమీ లేదు. అయినా తీసేయండి.