గడుల వరుస కదపకురా అల్లుడూ

విజయవాడ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

గుంటూరు మిర్చి యార్డు కమిషన్ కొట్ల కోసం నువ్వు గీసిన కొత్త కంప్యూటర్ స్క్రీన్లు చూశాను. చాలా బాగున్నాయి. కానీ పట్టీ, అదే రైతుకిచ్చే లెక్క చీటీ, రాసే పేజీలో గడుల వరుస మార్చావు. అది మాత్రం మళ్లీ పాతలాగే పెట్టెయ్.

పాతికేళ్ల కిందట ఒక కొట్లో నేనూ ఇదే పని చేశాను. రైతు పేరు, ఊరు, టిక్కీలు (మిర్చి బస్తాలు), తూకం, ధర. కాగితం పుస్తకాల రోజుల నుంచీ ఆ కొట్లో అదే వరుస. చూడ్డానికి ఇంపుగా ఉంటుందని నేను ధరను తూకం ముందుకు జరిపాను. గుమాస్తా గారి కళ్లు కాగితం మీద, వేళ్లు కీబోర్డు మీద ఉండేవి, స్క్రీన్ చూసేవారే కాదు. తూకం పోయి ధరలో పడింది, ధర తూకంలో పడింది. హెచ్చవేస్తే మొత్తం సరిగ్గానే వస్తుంది కదా, ఎవరూ పట్టుకోలేదు. ఒక రైతు పట్టీ తెచ్చి, "నా కాయ క్వింటా పదిహేడు రూపాయలా బాబూ?" అని అడిగాడు. ఆ గొంతులో వణుకు నాకింకా గుర్తుంది.

లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ టాలీ చూడు. 2020లో టాలీప్రైమ్ వచ్చినప్పుడు స్క్రీన్ రూపం మారింది కానీ, సేల్స్‌కి ఎఫ్8, పర్చేజ్‌కి ఎఫ్9 మీటలు అలాగే ఉన్నాయి. 2012లో విండోస్ 8 స్టార్ట్ బటన్ తీసేసింది, మరుసటి ఏడే 8.1లో తిరిగి పెట్టాల్సొచ్చింది.

అలాగని కొత్తది వద్దనను. బీసెంట్ రోడ్డులో తోపుడు బండ్ల వాళ్లు యూపీఐని ఎంత తేలిగ్గా అందుకున్నారు! ఒక స్టిక్కరు, డబ్బు పడిందని చెప్పే స్పీకరు, అంతే. చిల్లర బాధ తీరింది. యార్డులో బాధ పేర్లతో. ఒకే పేరున్న రైతులు ఊరికి నలుగురుంటారు, ఎవరి ఖాతా ఎవరిదోనని గుమాస్తాకి రోజూ టెన్షనే. నీ తెలివంతా అక్కడ పెట్టు. రెండక్షరాలు కొట్టగానే ఊరు, తండ్రి పేరు, పోయినసారి తెచ్చిన టిక్కీలు కనబడాలి.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సరుకు ముంచెత్తుతుంది, అప్పుడు ఏదీ మార్చకు. యార్డు వేసవి సెలవుల్లో పెట్టు. పాత స్క్రీన్‌కి వెళ్లే బటన్ ఒక సీజనంతా ఉంచు.

ముందు ఒక పూట ల్యాప్‌టాప్ తెరవకుండా గుమాస్తా గారి పక్కన కూర్చో. ఆయన వేలు ఎక్కడ ఆగుతోందో రాసి నాకు పంపు, కలిసి చూద్దాం. అక్కయ్యను అడిగానని చెప్పు.

మామయ్య