గోడ వైపు సీటు

అమ్మాయీ,

ఆస్ట్రేలియాలో కెయిర్న్స్ నుంచి కొండలెక్కి కురాండా వెళ్లే రైలు గురించి నువ్వు రాసిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి ఊరికే చదువుకుంటూ పోయాను, రెండోసారి పెన్సిలు పట్టుకుని కూచున్నాను. "మాస్టారూ, మొహమాటం లేకుండా చెప్పండి" అన్నావు కనక అలాగే రాస్తున్నాను. ఉత్తరం కాస్త పొడుగవుతుంది. నీకు రాసే చెయ్యి ఉందని నమ్మబట్టే ఇంత రాయాలనిపించింది.

"ఆకుపచ్చ తివాచీ" నాలుగు చోట్ల ఉంది. "కళ్లకు విందు" మూడు చోట్ల. "ప్రకృతి కాంత" ఒకసారి. వీటన్నిటినీ కొట్టేసి చూశాను. కెయిర్న్స్ నుంచి కురాండా దాకా 33 కిలోమీటర్ల దారిలో నువ్వు నిజంగా చూసినవంటూ అయిదారు మిగిలాయి. ఆ కొట్టేసిన మాటలు అరకుకీ సరిపోతాయి, ఊటీకీ సరిపోతాయి, గోడ క్యాలెండరుకీ సరిపోతాయి. నువ్వు టిక్కెట్టు కొనుక్కుని దాదాపు రెండు గంటలు కూచున్న రైలు ఒక్కటే. దానికి తప్ప ఇంకో రైలుకి అతకని మాటలు నాకు కావాలి.

నా సంగతి చెప్తాను. మూడేళ్ల కిందట బ్రిస్బేన్‌లో మా అబ్బాయి దగ్గరికి వచ్చినప్పుడు నేనూ ఆ రైలెక్కాను. పైకి వెళ్లేటప్పుడు లోయ ఎక్కువగా కుడి చేతివైపు ఉంటుంది. నాకు వచ్చింది ఎడమ కిటికీ. అంటే కొండ గోడ. మొదటి అరగంట మెడ తిప్పుకుని అవతలి వాళ్ల భుజాల మీదుగా లోయ చూడాలని తంటాలు పడ్డాను. ఫోన్లు, టోపీలు, చేతులు, మధ్యలో ఎక్కడో రవ్వంత ఆకాశం. మెడ నొప్పి పుట్టి ఇటు తిరిగాను. మూరెడు దూరంలో రాయి.

రైలు నెమ్మదిగా వెళ్తోంది కనక రాయి కనిపిస్తూనే ఉంది. నల్లగా, తడిగా, నాచు పట్టి, ఎక్కడికక్కడ నీరు ఊరుతూ. పగుళ్లలోంచి ఫెర్నులు వేలాడుతున్నాయి, పెట్టె దాటినప్పుడల్లా ఆ గాలికి వరసగా తల ఊపుతున్నాయి. కొన్నిచోట్ల రాతిని పగలగొట్టిన అంచులు ఇంకా మొనదేలే ఉన్నాయి. వంపు వచ్చినప్పుడల్లా చక్రాలు పట్టాలని ఒరుసుకుని కీచుమంటున్నాయి. సొరంగంలోకి వెళ్లగానే డీజిలు వాసన, తడి మట్టి వాసన కలిసి మొహానికి కొట్టాయి. చెయ్యి బయటికి చాపితే తగులుతుందేమో అన్నంత దగ్గర. (చాపకూడదు. నువ్వూ చాపకు.) అప్పుడు పుట్టిన ప్రశ్న ఒక్కటే: ఈ రాతిని ఎవరు తొలిచారు?

లోయ చూస్తున్నంతసేపూ ఆ ప్రశ్న రాదమ్మా. లోయని మనకోసం సిద్ధం చేసి పెట్టారు. మైకులో చెప్తారు, ఫలానా చోట రైలు నిదానిస్తుంది, ఫలానా చోట ఆపుతారు, అందరూ ఒకేసారి ఫోటో తీస్తారు. నీ వ్యాసంలో మొదటి మూడు పేజీలు ఆ మైకు చెప్పినవే. నువ్వు రాయాల్సింది మైకు చెప్పని కొండవైపు ఉంది.

ఆ ప్రశ్న వెంట వెళ్తే ఏం దొరుకుతుందో చూడు. ఆ లైను వేసింది అందాలు చూపించడానికి కాదు, ఆకలి వల్ల. కొండల మీద హెర్బర్టన్ దగ్గర తగరం గనులు ఉండేవి. 1882లో వానలు విడవకుండా కురిసి బండి దారులు బురదలో కూరుకుపోయాయి. గనుల్లో వాళ్లకి తిండి గింజలు పైకి చేరే దారి లేక పస్తులుండే స్థితి వచ్చింది. రైలు కావాలని గొడవ మొదలైంది. తీరంలో ఏ రేవు నుంచి వేయాలని ఊళ్లు పోటీ పడ్డాయి, చివరికి కెయిర్న్స్‌కి దక్కింది. 1886 మే 10న అప్పటి క్వీన్స్‌లాండ్ వలసరాజ్య ప్రధాని శామ్యూల్ గ్రిఫిత్ మొదటి పార మన్ను తీశాడు. కొండ ఎక్కే కష్టమైన భాగం జాన్ రాబ్ అనే కాంట్రాక్టరు చేతికొచ్చింది. పని ముమ్మరంగా ఉన్నప్పుడు 1500 మంది దాకా ఉన్నారు, చాలామంది ఐర్లండు నుంచీ ఇటలీ నుంచీ వచ్చిన కూలీలు. గునపాలు, పారలు, బకెట్లు, డైనమైటు. వానాకాలంలో చరియలు విరిగి చేసిన పని మళ్లీ మట్టిపాలయ్యేది. కనీసం 23 మంది పోయారు. 1891 జూన్‌లో రైలు కురాండా చేరింది.

నువ్వు దీనంతటినీ "అద్భుతమైన ఇంజనీరింగ్ ప్రతిభకు నిదర్శనం" అని ఒక్క వాక్యంలో దాటేశావు. తర్వాతి పేరాలో "15 సొరంగాలు, 37 వంతెనలు" అని జాబితా ఇచ్చావు. అంకెల్ని వదిలేయమనను, 15 చాలా మంచి అంకె. కానీ దాన్ని గునపం పట్టుకున్నవాడి పక్కన పెట్టు. ఏడో సొరంగం తొలిచేవాడికి ఇంకా ఎనిమిది ఉన్నాయి. అలా చెప్తే చదివేవాడికి బరువు తెలుస్తుంది.

"అరకు రైలు గుర్తొచ్చింది" అని రాసి అక్కడే ఆపేశావేం? విశాఖ పిల్లవి. కొత్తవలస-కిరండూల్ లైను మీద సొరంగాలు లెక్కపెడుతూ పెరిగినదానివి. ఆ లైను మాత్రం మన విహారానికి వేశారా? 1960ల్లో బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించి జపాన్‌కి పంపడానికి వేశారు. ఇవాళ అద్దాల పెట్టెలో కూచుని మనం చూసే కొండల్లోంచి ఇప్పటికీ ఖనిజం గూడ్సులు దిగుతూనే ఉన్నాయి. అక్కడ తగరం, ఇక్కడ ఇనుము. రెండు లైన్లలోనూ కొండ తొలిచినవాళ్ల పేర్లు మనకి తెలియవు. ఈ పోలిక నీ చేతిలోనే ఉంది. బ్రిస్బేన్‌లో పుట్టి పెరిగినవాళ్లకి ఇది తట్టదు, నీకు తడుతుంది. కనీసం ఒక పేజీ రాయి.

స్టోనీ క్రీక్ వంతెన దగ్గర నువ్వు బాగానే రాశావు. అక్కడ జలపాతం గోడవైపే ఉంటుంది. ఇనుప కమ్మీల వంతెన వంపు తిరుగుతూ దాని ముందు నుంచే వెళ్తుంది, రైలు తోకలో ఉన్నవాళ్లకి ఇంజను కనిపిస్తుంది. ఒక సంగతి చేరిస్తే ఇంకా బాగుంటుంది. 1890లో వంతెన పూర్తికావస్తుండగా గవర్నరు వస్తే, రాబ్ ఆ వంతెన మీదే బల్లలు వేయించి విందు పెట్టాడు. జలపాతం హోరుకి ఉపన్యాసాలు ఇవ్వడానికే వీలు లేకపోయిందని చెప్పుకుంటారు. ఆ గవర్నరు సర్ హెన్రీ నార్మన్. 1857లో ఢిల్లీ ముట్టడిలో ఉన్న సైన్యాధికారి. తరవాత భారత వైస్రాయి పదవి ఇస్తామన్నా చివరికి వద్దనుకున్నవాడు. ఇలాంటివి వెతికితే చాలా దొరుకుతాయి, దొరికినవన్నీ కుక్కెయ్యాలనిపిస్తుంది. ఒక్కటి చాలు. అదీ నీ కళ్ల ముందున్న వంతెనకి అతుక్కునేదై ఉండాలి.

ఇక బారన్ జలపాతం. ఇక్కడ నిన్ను గట్టిగానే మందలించాలి.

"ఉరకలెత్తుతూ వేయి పాయలుగా దూకే జలపాతం" అని రాశావు. వ్యాసంతోపాటు ఫోటో కూడా పంపావు. సెప్టెంబరు సెలవుల్లో తీసిన ఫోటో. అందులో ఏముంది? లోయ అవతల ఎండలో మెరిసే పెద్ద పెద్ద బండలు, వాటి మధ్య ఒక తెల్లని దారప్పోగు. నీ కళ్లు చూసిందొకటి, నీ కలం రాసిందొకటి. వర్ణన ఎక్కడో కరపత్రంలోంచి వచ్చింది. అక్కడ వానాకాలం డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా. తుఫాను వస్తే ఆ జలపాతం నిజంగానే అదిరిపోయేలా దూకుతుంది. మిగతా రోజుల్లో సన్నబడడానికి ఎండ ఒక్కటే కారణం కాదు. జలపాతానికి పైన ఆనకట్ట ఉంది. 1935లో అక్కడ భూగర్భంలో జలవిద్యుత్ కేంద్రం కట్టారు, 1963లో కొత్తది వచ్చింది. నీళ్లని అటు మళ్లిస్తారు.

రైలు పది నిమిషాలు ఆగుతుంది, జనం రెయిలింగ్ దగ్గరికి పరిగెడతారు, చూసి ఒక్క క్షణం ఏమనాలో తెలియక ఊరుకుంటారు, తరవాత ఎలాగూ వచ్చాం కదా అని ఫోటోలు తీసుకుంటారు. ఆ క్షణం నీకూ వచ్చి ఉంటుంది. నాకు వచ్చింది. శ్రీశైలం గేట్లు ఎత్తారని విని వెళ్లేలోపే దించేస్తే ఆనకట్ట దగ్గర నిలబడ్డవాళ్ల మొహాలు గుర్తొచ్చాయి. ఆ దారప్పోగు గురించి రాయి. జలపాతం నిండుగా లేకపోతే వ్యాసం పేలవమవుతుందని భయపడకు. ఎండిన బండల్ని ఎండిన బండలని రాసినవాళ్లు రేపు వాన పడిందంటే నేను నమ్ముతాను.

ఇదే లెక్కన కాసోవరీ పక్షి కూడా. "పొదల చాటున కాసోవరీ నీడ కదిలినట్టనిపించింది" అన్నావు. చూశావా, చూడలేదా? చూడకపోతే ఆ వాక్యం తీసెయ్.

చెట్ల దగ్గరికి వద్దాం. "పేరు తెలియని ఎన్నో వృక్షాలు" అన్నావు. అన్నీ తెలియనివేనా? ఆ అడవిలో నిటారుగా పెరిగి, ఒక్కో కణుపు దగ్గర గొడుగు విప్పినట్టు ఆకులు చుట్టూ పరుచుకున్న చెట్టొకటి ఉంటుంది. అక్కడ మిల్కీ పైన్ అంటారు, గిల్లితే పాలు కారుతాయి. అది మన ఏడాకుల పాల. హుద్‌హుద్ తరవాత విశాఖ రోడ్ల పక్కన వరసగా నాటింది దాన్నే. శీతాకాలం మొదట్లో సాయంత్రాలు ఆ పూల ఘాటుకి తలనొప్పి వస్తోందని, కొట్టించెయ్యమని మీ వీధివాళ్లు అర్జీ పెట్టారని నువ్వే చెప్పావు ఒకసారి. అదే చెట్టు సముద్రాల అవతల ఎవరూ నాటకుండానే, అడవిలో, దానంతటది ఉంది. పేరు తెలుసుకునేసరికి నీ రెండు ఊళ్లూ ఒకచోటికి వచ్చాయి. అక్కడివాళ్లు వెయిట్-ఎ-వైల్ అని పిలిచే ముళ్ల తీగ కూడా పరాయిది కాదు, మన పేము జాతిదే. బట్టలు పట్టుకుంటే వదలదు కనక ఆ పేరు. ఇక గింపి-గింపి అనే చెట్టు ఆకు తగిలితే నెలల తరబడి మంట ఉంటుందని గైడు చెప్పాడని రాశావు. అది ఉంచు.

అన్నిటికన్నా ముఖ్యమైన దిద్దుబాటు ఇది. "మానవుడి అడుగు పడని కన్నె అడవి" అనే మాట దయచేసి తీసెయ్. అది జబుగాయ్ ప్రజల నేల. వేల ఏళ్లుగా ఆ అడవిలో బతికినవాళ్లు. బారన్ కనుమ జాతీయ వనం మీద వాళ్ల హక్కుని కోర్టు 2004లో గుర్తించింది. "ఇంజను మీద రంగురంగుల బొమ్మలు" అని రాశావు చూడు, అవి ఊరికే వేసిన బొమ్మలు కావు. ఆ పాము బుడాజీ. అది ఒంపులు తిరుగుతూ వెళ్లిన జాడే బారన్ నది అని జబుగాయ్ వాళ్ల కథ. అంటే నువ్వు ఎక్కిన రైలు ఆ పాము దారి పక్కనే, ఆ పాము బొమ్మ మోసుకుంటూ వెళ్లింది. ఈ కథ చెప్పేటప్పుడు మన నాగదేవతల్ని తెచ్చి కలపకు. అది వాళ్లది, వాళ్ల పేరుతోనే చెప్పు. మన్యంలో రోడ్డు పడితే, ప్రాజెక్టు వస్తే, అక్కడి కొండదొర, బగత తెగలవాళ్లని వదిలేసి "సుందర ప్రదేశం" అని రాసే వ్యాసాలు చదివి నాకు ఎన్నిసార్లు బాధ కలిగిందో నీకు తెలుసు. నువ్వు ఇంకో దేశంలో అదే పని చెయ్యకూడదు.

భాష గురించి రెండే ముక్కలు. "ట్రాపికల్ రెయిన్‌ఫారెస్ట్" పద్నాలుగుసార్లు వచ్చింది. ఒకసారి వర్షారణ్యం అను, ఆ తరవాత అడవి అంటే అందరికీ తెలుస్తుంది. "కోచ్‌లో ఆసీనులమయ్యాం" ఏమిటమ్మా? పెట్టెలో కూచున్నాం.

కొండగోడ ఇంకా కదులుతూనే ఉందని కూడా గుర్తుంచుకో. 2023 డిసెంబరులో జాస్పర్ తుఫానుకి చరియలు విరిగిపడి ఆ లైను నెలల తరబడి మూతపడింది. ఎక్కడైనా ఒక వాక్యంగా వస్తే చాలు.

చివరికి నీ వ్యాసంలో నాకు అన్నిటికన్నా నచ్చిన వాక్యం దగ్గరికి వచ్చాను. దాన్ని నువ్వు బ్రాకెట్లలో పెట్టావు, తీసెయ్యబోయి ఉంచినట్టుంది. మొదటి సొరంగం రాగానే మీ అమ్మగారు గబుక్కున లేచి కిటికీ మూసేశారు, "కళ్లల్లో బొగ్గు పడుతుందే" అంటూ. "డీజిలింజనమ్మా" అని నువ్వు నవ్వావు. ఆవిడ మాత్రం తరవాతి సొరంగానికి కూడా కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

ఆ ఒక్క వాక్యం చదివి నేను పెన్సిలు పక్కన పెట్టేశాను. చిన్నప్పుడు బొగ్గింజను వెనక పెట్టెలో కిటికీ పక్కన కూచుని, కంట్లో నలుసు పడి, ఎవరో చీరకొంగు చుట్టి నోటితో ఆవిరి ఊది కాపడం పెట్టిన మనిషి ఆవిడ. ఆ చెయ్యి ఇంకా మర్చిపోలేదు. నువ్వు లోయవైపు చూస్తున్నప్పుడు పక్క సీట్లో ఇంకో రైలు నడిచింది.

బ్రాకెట్లు తీసెయ్. వ్యాసం అక్కడినుంచి మొదలుపెట్టు. మొదలుపెట్టే ముందు అమ్మనడుగు, అది ఏ లైను, ఎక్కడినుంచి ఎక్కడికి, కంట్లో నలుసు తీసింది ఎవరు అని. విజయనగరం నుంచి బొబ్బిలి వెళ్లే బండి అయి ఉంటుందని నా అనుమానం, కానీ ఆవిడ నోటితోనే చెప్పించు. తొందరపెట్టకుండా విను, చెప్పిన మాటలు చెప్పినట్టే రాసుకో. రెండో ప్రతి పంపేటప్పుడు ఆ కాగితం కూడా పంపించు.

ఆశీస్సులతో,
మాస్టారు
విశాఖపట్నం